బండ దాకా వచ్చిన చెరువు

మా పాప నిద్రలో ఊపిరి తీసే చప్పుడు నాకు బాగా తెలుసు. ఒంట్లో బాగున్నప్పుడు అది అసలు వినిపించదు. చలిగాలి తగిలినా, పొగ తగిలినా గొంతులో సన్నగా పిల్లికూతలు మొదలవుతాయి. ఇంట్లో ఏ మూల ఉన్నా నాకు వినిపిస్తాయి. ఇప్పుడు వినిపించడం లేదు. కొత్త గదిలో కిటికీ పక్కన నోరు కొద్దిగా తెరుచుకుని పడుకుంది. అది పడుకున్నాక దొరికే ఈ కాసేపే నేను రాసుకునే సమయం.

ఈ గది ఇక్కడ ఎలా వచ్చిందో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. అసలు ఇది ఇక్కడ రావాల్సింది కాదు. చెరువు అంచున రావాల్సింది.

మా అత్తగారి ఊరు ఎల్లారెడ్డికి దగ్గర. నేను పుట్టింది దోమకొండలో, డిగ్రీ చదివింది కామారెడ్డిలో. మా ఆయన కామారెడ్డిలో ఒక రైస్‌మిల్లులో లెక్కలు చూస్తాడు. పొద్దున బస్సుకు పోతే చీకటి పడ్డాక వస్తాడు. మామ, అత్తమ్మ చెరువు కింద వరి వేస్తారు, రెండు బర్రెలను సాకుతారు. మాది పాత పెంకుటిల్లు. రెండు అర్రలు, వెనక వంట చావడి. వానాకాలం వచ్చిందంటే గోడలు నడుము ఎత్తుదాకా చెమ్మ పట్టేవి. గ్యాస్ ఉన్నా, కాగులో నీళ్ళు కాచడానికీ, బర్రెలకు దాణా ఉడికించడానికీ కట్టెల పొయ్యి తప్పదు. పాపకు మొదటి చలికాలంలోనే ఎద పట్టేసింది. దాన్ని శాలువాలో చుట్టి బస్సులో కామారెడ్డి తీసుకుపోతుంటే, బస్సు ఆగిన ప్రతిచోటా దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని.

"పొగ, చెమ్మ. ఈ రెండిటికి దూరం పెట్టమ్మా. మందులు తర్వాత సంగతి," అన్నాడు డాక్టరు.

చెప్పడం సులువు. ఆ ఇంట్లో పొగకూ చెమ్మకూ దూరంగా ఉన్న చోటు వాకిలి ఒక్కటే.

అట్లాంటి రోజుల్లో మాకు సర్కారు ఇల్లు మంజూరైంది. జాగ మనదే ఉండాలి. చూపిస్తే వాళ్ళు వచ్చి, గోడలు వచ్చే చోట సున్నంతో ముగ్గు పోయించి పని మొదలుపెట్టమంటారు. మా ఊళ్ళో అప్పటికే చాలామందికి ముగ్గులు పోశారు. ఎవరి జాగలో తెల్లటి గీతలు కనిపించినా జనం ఆగి, ఎన్ని అర్రలు, వాకిలి ఎటు అని అడిగి పోయేవాళ్ళు. మాకున్న ఖాళీ జాగ ఒక్కటే. చెరువు వెనక అంచున, బాటకు ఆనుకుని, మామ పేరు మీద ఉన్న అరెకరం. నీళ్ళు తగ్గినప్పుడు పెసరో నువ్వులో వేసుకునే శిఖం భూమి అది. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ అక్కడ నీళ్ళు చూడలేదు. నీళ్ళు ఎక్కడో దూరంగా మెరిసేవి. వాటికీ మా జాగకూ మధ్య జమ్ము, తుంగ, కాలు పెడితే దిగబడే బురద.

"నాలుగు ట్రాక్టర్ల మొరం పోస్తే ఎత్తు లేస్తది," అన్నాడు మా ఆయన.

సాయంత్రం పూట పాపను చంకనేసుకుని నేను అక్కడికి పోయేదాన్ని. కిటికీ ఎటు పెట్టాలి, పాప మంచం ఎక్కడ వేయాలి, పొయ్యి ఎంత దూరంలో ఉండాలి, అన్నీ నిలబడి చూసుకునేదాన్ని. అక్కడ గాలి బాగా వచ్చేది. ఆ గాలి దేని మీంచి వస్తోందో నేను ఆలోచించలేదు.

చెరువుల వాళ్ళు వచ్చింది ఆ ఎండాకాలమే. జిల్లా నుంచి ఒక మేడం, నీటిపారుదల ఇంజనీరు సారు, తహసీల్ ఆఫీసు నుంచి ఒకరిద్దరు. పంచాయతీ ముందు టెంటు వేశారు. జిల్లాలో చెరువులనూ వాటి చుట్టూ ఉండే చిత్తడి నేలలనూ కాపాడడానికి ప్రభుత్వం ఒక ప్రణాళిక వేస్తోందని, మా చెరువు కూడా అందులో ఉందని మేడం చెప్పింది.

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలాయన లేచాడు. "చిత్తడి నేల అంటే ఏంది మేడం? మా జాలు పట్టిన జాగనేనా?"

"అదే పెద్దయ్యా."

"దానికి గింత మంచి పేరున్నదా! మేం ఉత్తగ దున్నపోతులను పండవెడుతున్నం."

టెంటంతా నవ్వింది. మేడం కూడా నవ్వి, నీరు ఊరే ఆ జాలు నేలే వరద వస్తే తాగి పెట్టుకుంటుందని, ఎండాకాలం బావులకు ఊట ఇచ్చేది అదేనని, చేప గుడ్లు పెట్టేది ఆ జమ్ములోనేనని చెప్పింది. తర్వాత ఒక మాట అంది. "మేం రాళ్ళు పాతి పోతాం. మేం బస్సు ఎక్కగానే మీరు పీకేస్తారు. ఇంతకు ముందు వేరే ఊళ్ళల్లో అదే అయింది. అందుకే ఈసారి రాయి ఎక్కడ పాతాలో మీరే చెప్పండి."

కమిటీ వేశారు. చేపలు పట్టే వాళ్ళ నుంచి కొందరు, చెరువు కింద సాగు చేసేవాళ్ళ నుంచి కొందరు, మహిళా సంఘం నుంచి కొందరు. సంఘం తరఫున అత్తమ్మ ఉంది. చెరువు పటం, నక్ష, చదవగలిగిన వాళ్ళు కావాలంటే ఎవరో నన్ను కూడా ముందుకు తోశారు. పాపను చంకలో పెట్టుకునే నేను ఆ గుంపు వెంట కట్ట మీద నడిచాను. నా భయం ఒక్కటే. మా జాగ ఎటు పడుతుంది?

తూము దగ్గర కొట్లాట మొదలైంది.

"మీకు ఆఖరి తడి అందాలె. తూము ఎత్తి అడుగుదాక ఊడ్చుకపోతరు. మా చాపలేమో ఎండల ఎగిరెగిరి సస్తయి," అన్నాడు చేపల సంఘం ఆయన.

"నీ చాపల కోసం నా వరి ఎండబెట్టుకోవాల్నా? చాపలకేమన్న పట్టా ఉన్నదా చెరువు మీద?"

"మీ ఇంట్ల ఐతారం అయితే మా చాపలే గద ఉడికేది! అప్పుడు పట్టా అడిగినవా?"

ఆ నవ్వుల్లోనే ఒక ఒప్పందం కుదిరింది. అడుగున కొన్ని నీళ్ళు మిగిల్చి తూము మూయాలి. మందు కొట్టిన డబ్బాలు చెరువులో కడగొద్దు. మత్తడి కాలువలో పెరిగిన గడ్డీ గాదమూ ప్రతి ఎండాకాలం అందరూ కలిసి తీయాలి. మత్తడి అంటే చెరువు నిండితే ఎక్కువ నీళ్ళు దుంకి పోయే చోటు. అది మూసుకుపోతే నీళ్ళు ఇండ్ల మీదికి మళ్ళుతాయి.

కట్ట దిగి వెనక అంచుకు వచ్చాం. మా జాగ దగ్గర ఇంజనీరు సారు ఆగిపోయాడు. నక్షలో గీత ఉంది గాని, నేల మీద పాత రాళ్ళు ఒక్కటీ లేవు. నక్షకూ నేలకూ ఆ మూలలో కుదరడం లేదు. అటూ ఇటూ రెండుసార్లు తిరిగి, మామ ముందు నిలబడ్డాడు.

"పెద్దాయనా, ఈ జాగ మీదే కదా. పాత రోజుల్లో చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వచ్చేవి?"

మామ చేతికట్టె కొసతో తుంగను కదిలించాడు. ఆ వైపు భూమి ఉన్నవాళ్ళలో మామ ఈడువాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఏం చెప్పినా కాదనేవాళ్ళు లేరు.

వెనక నుంచి ఒకాయన అన్నాడు, "సొంత జాగ గద సారూ. అన్నకు యాదికి రాదు."

"వస్తది, వస్తది. కోడలి దిక్కు సూస్తుండు. ఆమె సైగ చెయ్యాలె గద," అని ఇంకొకాయన.

నిజంగానే మామ నా వైపు చూశాడు. నా వైపు కాదు, నా భుజం మీద తల పెట్టుకున్న పాప వైపు. నేను కళ్ళు దించుకున్నాను. చెప్పొద్దు అని నా మనసంతా అంటోంది. పాప ముక్కు నా మెడకు తగులుతోంది. దాని ఊపిరి వెచ్చగా తెలుస్తోంది.

మామ తలకు చుట్టుకున్న రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. కట్టె పట్టుకుని తుంగలోంచి పైకి నడవడం మొదలుపెట్టాడు. నేను కిటికీ అనుకున్న చోటు దాటాడు. పాప మంచం అనుకున్న చోటు దాటాడు. బాట ఇంకొంచెం దూరం ఉందనగా ఆగి, కట్టె నేలకు గుచ్చాడు.

"గీడిదాక," అన్నాడు.

కట్టెకూ బాటకూ మధ్య సన్నటి పట్టీ మిగిలింది. ఆ పట్టీలో ఒక వెడల్పాటి బండ ఉంది, సగం మట్టిలో కూరుకుపోయి. నా పక్కన అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆపుకుంటోందనుకున్నాను.

మామ ఇంజనీరు సారును అడిగాడు. "మిగిలిన గీ పట్టీల రెండు అర్రలు ఏసుకోవచ్చు గద సారూ? మాకు ఇల్లు మంజూరైంది."

సారు తల అడ్డంగా ఊపాడు. నీళ్ళ గీత నుంచి కొంత దూరం దాకా కట్టడం ఏదీ రాకూడదట. "పంట ఏసుకోండి, ఎవరూ అడ్డం రారు. ఇల్లు మాత్రం వద్దు పెద్దాయనా."

ఆ సంగతి మామకు అప్పటిదాకా తెలియదు. కట్టె పట్టుకుని అట్లనే నిలబడ్డాడు. ఆలోపే ఆఫీసు వాళ్ళు బకెట్‌లో సున్నం తెచ్చి, మామ కట్టె గుచ్చిన చోటు నుంచి చెరువు అంచు పొడవునా గీత పోసుకుంటూ పోయారు.

ఆ సాయంత్రం నేను కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. పొగ అనుకున్నారు అందరూ. మా ఆయన బస్సు దిగి వచ్చాక చెప్పాను.

"బాపు జెప్పకుంటే ఇంకెవలన్న చెప్పెటోళ్ళు," అన్నాడు.

"ఇంకెవ్వలకు తెల్వదు గద!"

మామకు అన్నం పెట్టేటప్పుడు నేను మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు. పాప ఒక్కతే ఆయన కంచంలో చెయ్యి పెట్టి మెతుకులు ఏరుకు తింది.

మరుసటి పొద్దున, మా ఆయన ఇంకా బస్సుకు పోకముందే, అత్తమ్మ వాళ్ళ అక్క వచ్చింది. ఆమెది బిచ్కుంద. నాకు పెద్దత్త అవుతుంది. మాటలో సగం మరాఠీ, సగం తెలుగు, అంతా గట్టిగా. పాపను చూసిపోదామని బయల్దేరిందట. బస్సు దిగి ఇంటికి వచ్చే బాట మా అరెకరం పక్క నుంచే. ఆమె వాకిట్లోకి వచ్చేసరికి చేతిలో సగం కొబ్బరి చిప్ప, వేళ్ళకు పసుపు.

"ఏందే చెల్లె! గింత పెద్ద ఇల్లు కడుతుండ్రా? ఒక్క మాట నాకు చెప్పకపోతివి! ముగ్గు ఆ కొసదాక పోయింది, నా కండ్లకే ఆనలే. మహల్ కడుతుండ్రా ఏంది?"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆమె కొంగు సర్దుకుంటూ చెప్పుకుపోయింది. "ఎవ్వలు లేరు ఆడ. ముగ్గు పోసి పూజ లేకుంట ఇడిసిపెడ్తరా? నా సంచిల కొబ్బరికాయ ఉండె, పసుపు ఉండె. బండ మీద కొట్టి, ముగ్గు మీద నీళ్ళు చల్లిన. మంచిగ కట్టుకోండ్రి. ఆ, మనుమరాలేది?"

ముందు నవ్వింది మా ఆయన. ఆ తర్వాత ఆపుకోలేక నేను. అత్తమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అక్కా, అది ఇల్లు గాదే. చెరువు."

"చెరువుకు ముగ్గు పోసుడేందే?"

"సర్కారోళ్ళు పోసిండ్రు. నీళ్ళు ఆడిదాక వస్తయని."

"మరి ఇల్లు?"

"ఇల్లు లేదు."

పెద్దత్త గోడకు చేరగిలబడి కూర్చుంది. చేతిలో చిప్ప వైపు చూసింది. "మరి నా కొబ్బరికాయ?"

గడపలో కూర్చున్న మామ నిన్నటి నుంచి మొదటిసారి నోరు విప్పాడు. "చెరువుకు కొట్టినవు వదినె. ఎవలో ఒగలు కొట్టాలె గద."

ఆ కొబ్బరి ముక్క మేమందరం తిన్నాం. ఇల్లు రాలేదన్న బాధ పోలేదు గాని, ఇంట్లో మాట మళ్ళీ మొదలైంది. ఊరికి ఆ కబురు మధ్యాహ్నం కాకముందే పాకింది. కొన్నాళ్ళు బావి దగ్గర, రేషన్ దుకాణం దగ్గర అదే నవ్వు. అయితే నవ్వుతో పాటు ఇంకొకటి జరిగింది. ఆ వైపు భూమి ఉన్న ఒకరిద్దరు, సున్నం గీతనే కదా, కాళ్ళతో రుద్దితే పోతుంది అని గొణిగినవాళ్ళు, ఊరుకున్నారు. పసుపు చల్లి కొబ్బరికాయ కొట్టిన గీతను తుడవడానికి ఎవరికీ కాలు రాలేదు. బట్టలకూ గడ్డికీ పోయే ఆడవాళ్ళు దాన్ని తొక్కకుండా దాటడం నేను కళ్ళారా చూశాను. తర్వాత సున్నం గీత మీద రాళ్ళు పాతినప్పుడు, ఎవరూ చెప్పకుండానే వాటికి బొట్లు వచ్చాయి. మేడం మళ్ళీ వచ్చి చూసి, "ఇది మా ప్రణాళికలో లేదే," అంది.

"మా పెద్దత్త ప్రణాళిక మేడం," అన్నాను నేను.

ఇంటి సంగతి మామే తేల్చాడు. ఒక సెలవు రోజు నేనూ మా ఆయనా పొలం నుంచి వచ్చేసరికి బర్రెల కొట్టం మీద రేకులు లేవు. మామ నిచ్చెన మీద ఉన్నాడు.

"ఏం జేస్తున్నవ్ బాపూ?" అన్నాడు మా ఆయన.

"ఎత్తు మీద జాగ గిదొక్కటే ఉన్నది. బర్రెలు చింతచెట్టు కింద ఉంటయి. జర ఎండ తగుల్తది, ఏం గాదు."

పంచాయతీ సెక్రటరీ వచ్చి జాగ మారిందని రాసుకుని, కొట్టం ఉన్న చోట కొత్తగా ముగ్గు పోయించాడు. చిన్న జాగ. రెండు గదులకు సరిపోయింది, వరండాకు కాలేదు. నేను అనుకున్న గాలి రాదు, అనుకున్న కిటికీ లేదు. గోడలు లేస్తుంటే కూడా నా మనసు చెరువు దగ్గరే ఉంది. ఇప్పుడు అనుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. బర్రెలను ఎండలో కట్టేసి ఒక మనిషి నా బిడ్డకు చోటు ఇస్తుంటే, నేను లేని కిటికీ గురించి ఆలోచిస్తున్నాను.

ఆ ఏడు వానలు అంతంత మాత్రమే. చెరువు సగం కూడా నిండలేదు. నీళ్ళు రాళ్ళకు చాలా దూరంలో ఆగిపోయాయి. కిరాణా కొట్లో సబ్బు కొంటుంటే ఒకాయన అన్నాడు, "మీ మామ చెరువుకు ఇనాం రాసిచ్చిండు గని, తీసుకునేతందుకు చెరువు రాకపాయె!"

నవ్వి ఊరుకున్నాను. ఇంటికి వచ్చి మామకు చెప్పలేదు. చెప్పే పని లేదు, ఆయన అప్పటికే నాలుగు చోట్ల విని ఉంటాడు.

అయినా ఆ మూలకు పోవడం మాత్రం మానలేదు. పాపకు అదొక అలవాటైంది. సాయంత్రం కాగానే చెప్పులు తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేసేది. జమ్ము ఎవరూ కోయలేదు, కాల్చలేదు. అడుగున నీళ్ళు మిగిలాయి. ఆ మిగిలిన నీళ్ళలోకి బుడుబుంగలు వచ్చాయి. పిడికెడంత గోధుమరంగు పిట్టలు, చూస్తుండగానే గుబుక్కున మునిగి, ఇంకెక్కడో లేస్తాయి. పాప జమ్ము అంచున కూర్చుని వాటితో ఒక ఆట కనిపెట్టింది. పిట్ట మునగగానే ఇది కూడా బుగ్గలు ఉబ్బించి ఊపిరి బిగబడుతుంది. పిట్ట లేవగానే "వచ్చిందీ!" అని వదులుతుంది. ఊపిరి కోసం ఆస్పత్రుల చుట్టూ తిరిగిన పిల్ల, సరదాకు ఊపిరి ఆపుకుంటోంది! మొదటిసారి చూసినప్పుడు వద్దని కసురుకున్నాను. పక్కన ఉన్న మామ, "ఉండనీయ్ బిడ్డా. పిట్ట లేస్తది," అన్నాడు.

ఆ తర్వాతి ఏడు వాన వచ్చింది. వచ్చింది అనే మాట చాలదు. ముందు రోజు మధ్యాహ్నం మొదలై, ఆగడం మరిచిపోయింది. వాగు పొంగి కామారెడ్డి తొవ్వ తెగిపోయింది. మా ఆయన మిల్లులోనే ఉండిపోయాడు. ఫోన్ కలిస్తే కలిసింది, లేకపోతే లేదు. కలిసినప్పుడల్లా ఆయన అడిగింది ఒక్కటే. "చెరువెట్లున్నది?"

చెరువు ఎట్లున్నదో చెవులకే తెలుస్తోంది. మత్తడి దుంకుతున్న చప్పుడు ఊరంతా వినిపిస్తోంది. నేను కాపురానికి వచ్చాక ఆ చప్పుడు వినడం అదే మొదలు. పొద్దుగూకే వేళకు మామ, చేపల వాళ్ళు, పొలాల వాళ్ళు కట్ట మీదికి పోయారు. తూము దగ్గర ఒకరినొకరు తిట్టుకున్న వాళ్ళే ఇసుక బస్తాలు ఒకరికొకరు అందించుకున్నారట. మత్తడి కాలువ ఎండాకాలంలో శుభ్రం చేసి ఉంది కాబట్టి నీళ్ళు అడ్డం లేకుండా పోయాయి. కట్టకు ఏమీ కాలేదు. నేను మాత్రం కొత్త గదిలో పాపను ఒళ్ళో పెట్టుకుని, గోడకు చెయ్యి ఆనించి, చెమ్మ ఉందా లేదా అని తడుముతూ కూర్చున్నాను. గోడ పొడిగా ఉంది.

తెల్లవారి వాన సన్నబడింది. మామ కట్ట మీంచి నేరుగా వచ్చి, "రాండ్రి, సూద్దురు," అన్నాడు. అత్తమ్మ గొంగడి కప్పుకుంది. నేను పాపను తువాలలో చుట్టుకున్నాను.

మా అరెకరం లేదు. అది ఉన్న చోట చెరువు ఉంది. మూలన పాతిన రాయి కనిపించలేదు, నీళ్ళల్లో ఉంది. జమ్ము కొసలు మాత్రం పైన ఊగుతున్నాయి. నా కిటికీ ఎక్కడ ఉండేదో చూశాను. పాప మంచం ఎక్కడ ఉండేదో చూశాను. ఆ రెండు చోట్ల మీద నుంచి ఎర్రటి నీళ్ళు మెల్లగా కదులుతున్నాయి, ఏ తొందరా లేకుండా, తమ ఇంట్లో తాము తిరుగుతున్నట్టు. పాపను ఎంత గట్టిగా పట్టుకున్నానో నాకే తెలియలేదు.

"అమ్మా, నొస్తుంది," అంది.

నీళ్ళు బండ దగ్గర ఆగాయి. పెద్దత్త కొబ్బరికాయ కొట్టిన బండ. దాని అంచును తాకుతూ, వెనక్కి పోతూ, మళ్ళీ తాకుతూ ఉన్నాయి.

మామ బండ మీదికి ఎక్కి నిలబడ్డాడు. నా వైపు తిరగకుండానే అన్నాడు.

"బిడ్డా, నేను ఆనాడు తప్పు చూపిన."

"లేదు మామా, నువ్వు చెప్పవట్టే గద మేము..."

"అది గాదు. నీళ్ళు గీ బండ దాక వస్తయని నాకు ఎరుకనే. జర కిందికి గుచ్చిన కట్టె. గా పట్టీ మిగిలితె మీ రెండు అర్రలు పడతయేమోనని."

జవాబు అత్తమ్మ దగ్గర నుంచి వచ్చింది.

"నాకు ఆనాడే ఎరుక."

మామ గిర్రున తిరిగాడు. "నీకెట్ల ఎరుక?"

"గీ బండ మీద బట్టలు పిండినదాన్ని నేను గాదా? లగ్గమైన ఏడు మీ అవ్వ నన్ను ఈడికే తోలుకచ్చింది. బండ మీద కూసుంటె కాళ్ళు నీళ్ళల్ల ఉండె."

"మరి అందరిముందట చెప్పకపోతివి?"

"పిల్ల మొకం సూసి నీకే మనసొప్పకపాయె. నేనెట్ల చెప్త?" అని గొంగడి సర్దుకుంది.

అప్పుడు తెలిసింది నాకు, ఆ రోజు ఆమె కొంగు నోటికి ఎందుకు అడ్డం పెట్టుకుందో. ఏడుపు కాదు, మాట ఆపుకుంది. వాళ్ళిద్దరూ ఆ వానలో ఒకరినొకరు చూసుకుని నవ్వారు, దొంగతనం ఒకేచోట దొరికిన ఇద్దరు పిల్లల్లాగా.

నీళ్ళు దిగాక మేడం, ఇంజనీరు సారు వచ్చారు. ఈసారి ఎవరూ అడగకముందే మామ ముందుకు పోయి, మూల రాయిని పైకి జరిపి బండ పక్కన పాతాలని చెప్పాడు.

"ఇంకెంత ఇస్తవే అన్నా? పెంకుటిల్లు సుత ఇస్తవా?" అన్నాడు కిరాణా కొట్టాయన.

"ఇచ్చుడేంది? అదే వచ్చి తీసుకున్నది, సూడలే?"

కమిటీ అంతా సరే అంది. సారు కొలిచి రాసుకున్నాడు. రాయి మారింది. పెద్దత్తకు ఫోన్‌లో చెబితే, అటు నుంచి ఆమె అరుపు ఫోన్ దూరంగా పెట్టినా వినిపించింది. "నేను కాయ కొట్టిన బండనేనా? ఆఁ! మీకు మీ సర్కారుకు ఎరుకలేదు గని, నా కొబ్బరికాయకు ఎరుకనే!" ఇప్పుడు ఏటా చెరువు నిండగానే ఆమె రావాలని, ఆ బండ మీద ఆమే కాయ కొట్టాలని ఊరు అనుకుంది. ఆమె రాకుండా ఉంటుందా?

అలమారా మీద, పాపకు మందు ఆవిరి పట్టే నెబ్యులైజర్ అట్టపెట్టెలో ఉంది. ఈ చలికాలం ఇంకా కిందికి దించలేదు. ముందు ముందు దించాల్సి రావచ్చు, నాకు తెలుసు. అందుకే చెవి అటే పెట్టి రాస్తున్నాను. గోడలు పొడిగా ఉన్నాయి. పక్కన చింతచెట్టు కింద బర్రెలు మెడలు ఊపితే గంటలు మోగుతున్నాయి. మామ వాటికి కూడా చిన్న పాక వేశాడు.

ఆయనకు నేను కృతజ్ఞత చెప్పలేదు. మా ఇండ్లల్లో కోడండ్లు మామలకు అట్లాంటి మాటలు చెప్పరు, చెబితే ఆయన లేచి బయటికి పోతాడు. చెప్పగలిగితే రెండిటికీ చెప్పేదాన్ని. నలుగురిలో నిజం చెప్పి నా బిడ్డను ఆ నీళ్ళ నుంచి తప్పించినందుకు. ఆ నిజంలోంచే, మాకోసం, చిన్న ముక్క దాచినందుకు. వచ్చి అడిగిన ఆ మేడానికి కూడా చెప్పేదాన్ని. నక్ష చేతిలో ఉండి కూడా అడిగింది.

ఈ సాయంత్రం చాయ్ తీసుకుని బండ దగ్గరికి పోయాను. తాతా మనుమరాలూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. ఒక బుడుబుంగ అటూ ఇటూ చూసి గుబుక్కున మునిగింది. పాప బుగ్గలు ఉబ్బించింది. మామ కూడా ఉబ్బించాడు. నేను గ్లాసులు పట్టుకుని అట్లనే నిలబడిపోయాను, ఊపిరి బిగబట్టి.

జమ్ము పక్కన నీళ్ళు కదిలాయి. పిట్ట లేచింది.